రంగంలో ఉన్నవాడి వాటా

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకి ఇది రాత ప్రతి. వినడానికి వీలు కుదరనివాళ్ల కోసం, ఊళ్లో ఇంట్లోవాళ్లకి పంపుదామనుకునేవాళ్ల కోసం.)

సెంబవాంగ్ నుంచి మాట్లాడుతున్నాను. షిఫ్ట్ దిగి స్నానం చేసి మంచమెక్కినవాళ్లకి, ఇంకా లారీలోనే కూర్చుని వింటున్నవాళ్లకి, అందరికీ దండాలు.

ఈ నెలలో మీరు పంపిన వాయిస్ మెసేజ్‌లలో చాలావరకు ఒకటే గోల. ఊళ్లో పంపకాలు. "అన్నయ్య స్టాంపు కాగితం వాట్సాప్‌లో పెట్టాడు, సంతకం చేసి పంపమంటున్నాడు, చెయ్యనా?" అని ఒకాయన. "నేను పంపిన డబ్బుతో కొన్న ఎకరం కూడా పంచుతున్నారు" అని ఇంకొకాయన. "మా అక్కలకి వాటా ఇవ్వాలంటున్నారు, పెళ్లప్పుడే అంతా ఇచ్చేశాం కదా" అని మరొక తమ్ముడు. అందరి మెసేజ్‌ల చివరా ఒకే మాట: "నేను అక్కడ లేనన్నా."

లేనివాడి వాటా ఏమవుతుంది? ఈ ప్రశ్న మనతో మొదలైంది కాదండి. మా ఇంట్లోనే ఎనభై ఏళ్ల కిందట ఇది వచ్చింది. అది ఎలా తేలిందో ముందు చెప్తాను. తర్వాత ఇవాళ మన చేతిలో ఏముందో చూద్దాం.

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు. అప్పట్లో అది జమీందారీ ఇలాకా. భూమికి శిస్తు జమీందారుకి కట్టాలి. అయినా 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూముల చట్టం ప్రకారం రైతుకి సాగు హక్కు శాశ్వతం, అది వారసులకి వస్తుంది. మేం జిరాయితీ అంటాం. మా ముత్తాతకి ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. ఆరెకరాల పల్లం, మూడెకరాల మెట్ట, ఒక ఇల్లు, ఒక నుయ్యి, ఒక పనసచెట్టు, జోడెడ్లు, బండి. మా తాత రెండోవాడు. ఆఖరివాడు, మా చిన్నతాత, పదిహేడేళ్లకే రంగం వెళ్లిపోయాడు.

రంగం అంటే రంగూన్. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవాళ్లకి అప్పట్లో అదే సింగపూర్, అదే దుబాయ్. 1931 లెక్కల నాటికి రంగూన్ ఊరి జనాభాలో సగానికి పైగా మన దేశస్తులే. రేవులో బస్తాలు మోసే పని ఎక్కువగా తెలుగువాళ్లదే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేసింది కూడా ఆ తెలుగు రేవు కూలీలే. వాళ్ల బదులు బర్మా కూలీలని పెట్టడం, సమ్మె తీరాక వాళ్లని తీసేయడం, దాని మీద పెద్ద గలాటా జరిగి చాలామంది మనవాళ్లు చచ్చిపోవడం, ఇదంతా చరిత్రలో ఉంది. మా చిన్నతాత ఆ గలాటా తర్వాత వెళ్లినవాడు. అదే రోజుల్లో, 1938 ఫిబ్రవరిలో, ఇక్కడ సెంబవాంగ్‌లో బ్రిటిష్‌వాళ్లు నేవీ డాక్ తెరిచారు. 1968లో అది సింగపూర్ చేతికొచ్చి షిప్‌యార్డ్ అయింది. అంటే రేవులో పనికి సముద్రం దాటడం మనకి కొత్త కాదు.

సరే, 1938 ప్రాంతంలో మా ముత్తాత పోయాడు. ఏడాది తిరిగాక పెద్దమనుషులు రచ్చబండ దగ్గర కూర్చున్నారు. కరణంగారు రాయడానికి వచ్చారు. ఈ కథంతా మా పెదనాన్న నోట విన్నది. ఆయనకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆయన వాళ్ల నాన్న దగ్గర విన్నాడు.

మొదట అప్పు తేల్చారట. తండ్రి అప్పు తీర్చడం కొడుకుల ధర్మం, పాత హిందూ న్యాయంలో అది బాధ్యత కూడా. వాటా కంటే ముందు అప్పు. షావుకారుకి కట్టాల్సింది ముగ్గురి మీదా సమానంగా వేశారు. తర్వాత భూమి.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. పంచేవాడికి ఏ వాటా తనకి మిగులుతుందో తెలీదు కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని పంచుతాడు. మా పెద్దతాత ఆరెకరాలనీ మూడు ముక్కలు చెయ్యలేదు. చెరువు కింద మడి, మధ్య మడి, కొస మడి, ఏ మడికి ఆ మడి మూడు చేశాడు. మెట్టా అంతే. అందుకే ఒక్కో వాటా నాలుగైదు చోట్ల చెక్కలు చెక్కలుగా పడింది. ఇవాళ మనం "అరెకరం ముక్కల్లో ట్రాక్టర్ ఎలా తిరుగుతుంది" అని తిట్టుకుంటాం కానీ, నీళ్లు అందే చోటూ అందని చోటూ అందరికీ సమానంగా రావాలన్న పట్టుదలే దానికి కారణం. చివర్లో చెరువుకి ఆనుకున్న ఒక్క చెక్క మాత్రం చీల్చడానికి చాలనంత చిన్నది. దాన్ని ఒక వాటాలో కలిపి, మిగతా రెండు వాటాల్లో మెట్ట కాస్త ఎక్కువ వేశాడు.

ఇప్పుడు చిన్నవాడు కోరుకోవాలి. చిన్నవాడు రంగంలో ఉన్నాడు. ఏం చెయ్యాలి?

ఒకాయన "లేనోడికి ఏటి కోరిక, మిగిలింది ఆడికి" అన్నాడట. కరణంగారు ఒప్పుకోలేదు. ఆయనకి శాస్త్రం తెలుసు. మన వైపు నడిచింది మితాక్షర న్యాయం. విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో రాసినదాన్ని 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దాని ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. ఊళ్లో ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదు. బృహస్పతి స్మృతి ఇంకా ముందుకి వెళ్తుంది. దేశం విడిచి పోయినవాడి వంశంలో ఏడో తరం వాడు తిరిగొచ్చినా అతని వాటా ఇవ్వాలంటుంది. అంటే ఆ కాలంలోనూ వలస పోయినవాళ్లు ఉన్నారు, వెనకాల తగువులూ ఉన్నాయి.

చివరికి ఆ కోరిక తల్లిని కోరమన్నారు. మా ముత్తవ్వ చెరువుని ఆనుకున్న చెక్క ఉన్న వాటా మీద చెయ్యి పెట్టిందట. పెద్ద కొడుకు మొహం మాడ్చుకుంటే ఆవిడ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఉన్నోళ్లు మీరు, నీళ్లు తెచ్చుకోగలరు. లేనోడి దగ్గిరికి నీళ్లే రావాల."

సామాన్ల పంపకం ఇంకో రోజు జరిగింది. ఇత్తడి గుండిగలు, బిందెలు, గంగాళం తూకం వేసి పంచారు. కంచు కంచాలు లెక్కపెట్టి పంచారు. జోడెడ్లని విడదియ్యలేరు కాబట్టి జోడు పెద్దతాతకి, ఆవూ దూడా మా తాతకి, బండి చిన్నతాత వాటాకి. పనసచెట్టుని నరకలేరు, ఏడాదికొకరు చొప్పున కాయ కోసుకోమన్నారు. నూతి నీళ్లకి వంతులు. ఇంటిని వీధి గుమ్మం నుంచి పెరటి దాకా నిలువుగా మూడు చేశారు. గోడలు ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలుస్తుంది. మా గది వెడల్పు ఒక మంచం, ఒక మనిషి పట్టేంత.

ఇక ముత్తవ్వ. 1937లో ఒక చట్టం వచ్చింది, భర్త పోయిన ఆడమనిషికి కొడుకుతో సమానంగా వాటా అని. కానీ అది వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. మా ఊళ్లో అసలు ఆ చట్టం మాటే ఎవరూ ఎత్తలేదు. భూమిలో ఆవిడకి వాటా లేదు. ముగ్గురు కొడుకులూ ఏటా ఇన్ని కుంచాల ధాన్యం కొలవాలి, తిండి నెలకొకరి దగ్గర అని రాశారు. పనసచెట్టుకి వేసినట్టే ఆవిడకీ వంతులు వేశారు. కూతురికి ఒక పెయ్యదూడ, వెండి కడియాలు. కాగితంలో ఆవిడ పేరు కూడా లేదు, "ఆడబిడ్డకి" అని మాత్రం ఉంది.

చిన్నతాత 1942లో తిరిగొచ్చాడు. 1941 డిసెంబర్ 23న జపాన్‌వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశాక, లక్షల మంది మనవాళ్లు కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. దారిలో కలరాతో, ఆకలితో పోయినవాళ్లకి లెక్క లేదు. ఈయన బతికి వచ్చాడు. గుమ్మంలో నిలబడితే తల్లి కూడా ముందు గుర్తు పట్టలేదట.

భూమి ఇవ్వడానికి పెద్దతాత అడ్డం చెప్పలేదు. కాగితంలో "రంగంలో ఉన్న చిన్నవాడి వాటా" అని ఉంది. తగువు వేరే చోట వచ్చింది. చిన్నతాత రంగం నుంచి మనియార్డర్లు పంపేవాడు. ఆ డబ్బుతో పెద్దతాత రెండెకరాల మెట్ట కొన్నాడు, తన పేరు మీద. "అది నా కష్టం" అని తమ్ముడు. "ఆ డబ్బులోంచే చెల్లి పెళ్లి చేశాను, అమ్మకి రోగమొస్తే వైద్యం చేయించాను, మిగిలింది ఎంత?" అని అన్న. ఇద్దరిదీ నిజమే.

పెద్దమనుషులు మళ్లీ కూర్చున్నారు. ముత్తవ్వ మనియార్డరు కూపన్లన్నీ ఒక వెదురు గొట్టంలో దాచింది. వాటిని లెక్కపెట్టారు. పెళ్లి ఖర్చులో తమ్ముడి వంతు, వైద్యంలో తమ్ముడి వంతు తీసేశారు. రెండెకరాల్లో ఒకటి తమ్ముడిది, ఒకటి అన్నది అని తేల్చారు. ఇద్దరికీ తృప్తి లేదు. అయినా ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఏడాది పనసకాయల వంతు చిన్నతాతది. అన్న ఇంటికి రెండు కాయలు పంపాడట.

ఇదండీ కథ. ఇప్పుడు మన సంగతి.

మొదటిది కాగితం. మా పంపకాల జాబితా తెల్ల కాగితం మీద రాసింది, రిజిస్టర్ కాలేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయల పైబడిన స్థిరాస్తిని ఒక కాగితంతో పంచుతున్నామంటే దాన్ని రిజిస్టర్ చెయ్యాల్సిందే. నోటిమాటతో ముందే జరిగిపోయిన ఏర్పాటుని గుర్తు కోసం రాసుకున్న కాగితానికైతే అక్కర్లేదని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెంటికీ తేడా ఏంటో కోర్టుల్లో తేలేసరికి ఒక తరం గడిచిపోతుంది. పైగా మన జమీందారీ ఊళ్లకి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత కొత్తగా సర్వే జరిగి, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారైంది. మా పల్లం మూడు పేర్ల మీద వేరువేరుగా ఎక్కింది. మెట్ట మాత్రం మొత్తం పెద్దతాత పేరు మీదే ఎక్కింది. 1984లో కరణాల ఉద్యోగాలు పోయాయి, రాసిన కుటుంబమూ ఊరు వదిలింది. ఆ మూడు వాటాలకి ఇవాళ వారసులం పదిహేడు మందిమి. మెట్ట అమ్మాలన్నా, లోను తేవాలన్నా పదిహేడు సంతకాలు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా జీడిచెట్లు పడగొట్టినప్పుడు, నష్టపరిహారం రాసుకోవడానికి వచ్చినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "పట్టా ఎవరి పేరు మీద ఉంది?"

కాబట్టి మీ ఊరి సర్వే నంబర్లకి అడంగల్, 1బి తీయించి చూడండి. తెలంగాణవాళ్లయితే పహాణీ, పాస్‌బుక్. తాత పేరే ఉందా, నాన్న పేరుందా, ఎవరో ఒక అన్నదమ్ముడి పేరే ఉందా? ముందు అది తెలియాలి.

రెండోది ఆడపిల్లలు. తమ్ముళ్లూ, ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు అని ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం చట్టం చేసింది. దేశంలో అందరికంటే ముందు నడిచినవాళ్లలో మనం ఉన్నాం. 2005 సెప్టెంబర్ 9 నుంచి పెళ్లయినా కాకపోయినా అందరు కూతుళ్లకీ ఆ హక్కు దేశమంతటా వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే దాన్ని కదపరు. "ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం" అంటే మాత్రం సులువుగా నమ్మరు. వేరువేరు పట్టాల్లాంటి సర్కారు రికార్డు చూపించాలి.

మా తాత 1990లో పోయాడు. ఆయన వాటాని మా నాన్న, పెదనాన్న ఎప్పుడూ కాగితం మీద పంచుకోలేదు. అంటే మా మేనత్తలు ఇద్దరికీ అందులో సమాన వాటా ఉంది. ఈ మాట ఫోన్‌లో చెప్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెళ్లిళ్లకి ఎంత అప్పు చేశామో నీకు తెలీదు" అన్నారు. నిజమే, తెలీదు. పెద్ద మేనత్తని అడిగితే, "నాకు భూమెందుకురా, పండక్కి నీ గడప తొక్కితే మీ అమ్మ మొకం మాడ్చకపోతే సాలు" అంది. చిన్న మేనత్త అలా అనలేదు. "నాకు కావాల. అడిగితే తప్పేటి? మా నాన్న భూమి కాదా అది?" అంది. తప్పు లేదు. కడియాలూ పెయ్యదూడా ఇచ్చి పేరు కూడా రాయని కాగితం మా ఇంట్లో ఒకటి ఉంది. రెండోది రాయొద్దని నాన్నకి చెప్పాను. ఏమవుతుందో సంక్రాంతికి తేలాలి.

మూడోది మీరు పంపిన డబ్బు. మీ జీతం మీ సొంత ఆస్తి. చదువు, నైపుణ్యం వల్ల వచ్చిన సంపాదన సంపాదించినవాడిదేనని 1930 నుంచీ చట్టం ఉంది. కానీ ఆ డబ్బుతో కొన్న భూమి అన్నయ్య ఒక్కడి పేరు మీదే రిజిస్టర్ అయితే, రేపు "డబ్బు నాది" అని మీరు కోర్టుకి వెళ్తే బినామీ చట్టం మీకే అడ్డం తిరగొచ్చు. తోబుట్టువు పేరుతో పాటు మీ పేరు కూడా దస్తావేజులో ఉండాలి. ఇక్కడి నుంచి డబ్బు పంపిన ప్రతి రశీదూ ఉంచుకోండి. మా ముత్తవ్వకి వెదురు గొట్టం ఉంది, మనకి ఫోన్ ఉంది. అలాగే ఆ డబ్బుతో ఇంట్లో ఏం జరిగిందో కూడా రాసి పెట్టుకోండి. ఇల్లు కట్టారా, చెల్లి పెళ్లయిందా, నాన్నకి ఆపరేషన్ అయిందా. ఊళ్లో ఉండి అమ్మానాన్నల్ని చూసుకున్నవాడి కష్టానికి రశీదు ఉండదు. ఆ లెక్క కూడా మనమే గుర్తు పెట్టుకోవాలి.

నాలుగోది సంతకం. వాట్సాప్‌లో వచ్చిన కాగితం మీద, అందులో ఖాళీలుంటే, సంతకం పెట్టకండి. అది హక్కు వదులుకునే రిలీజ్ దస్తావేజు కావచ్చు. వెళ్లడానికి సెలవు దొరక్కపోతే పవరాఫ్ అటార్నీ ఇవ్వచ్చు. గ్రేంజ్ రోడ్‌లో మన హైకమిషన్ ఉంది, అక్కడ అధికారి ముందు సంతకం చేస్తే రిజిస్ట్రేషన్ చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. ఆ పత్రం ఇండియాకి చేరిన 3 నెలల లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అన్ని పనులకీ కలిపి జనరల్ పవర్ ఇచ్చే బదులు, ఫలానా సర్వే నంబరు, ఫలానా పంపకం, అంతవరకే అని రాయించండి. అమ్మే అధికారం ఇవ్వకూడదనుకుంటే ఆ మాట కూడా స్పష్టంగా రాయించండి. సంతకం పెట్టేముందు మీ ఊరి లాయరు ఒకరితో చదివించుకోండి.

ఐదోది గడువు. ఉమ్మడి ఆస్తిలో నిన్ను పక్కన పెట్టారని నీకు తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ల లోపు దావా వెయ్యాలి. 1963 లిమిటేషన్ చట్టం చెప్పేది అది. బృహస్పతి ఏడు తరాలు ఇచ్చాడు, మన చట్టం పన్నెండేళ్లు ఇచ్చింది. "ఊరెళ్లినప్పుడు చూద్దాంలే" అని రెండు కాంట్రాక్టులు, మూడు కాంట్రాక్టులు గడిపేసేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి.

ఇంతకీ దావా వెయ్యమని చెప్పడానికి కాదు ఇదంతా. కోర్టుకి వెళ్తే మెట్ట రెండెకరాల విలువ లాయర్లకే పోతుంది. మా చిన్నతాత దావా వెయ్యలేదు. వెయ్యక్కర్లేకుండా పోవడానికి కారణం, ఆయన లేని రోజు ఆయన పేరు చెప్పి ఒక కరణం అడ్డు పడ్డాడు, ఆయన బదులు తల్లి చెయ్యి పెట్టింది. మీ ఇంట్లో పంపకాలు జరిగే రోజు ఆ పని ఎవరు చేస్తారు? ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. ఆ రోజు వీడియో కాల్‌లో మీరూ కూర్చోండి, కొలతలు వేసేటప్పుడు కూడా.

ఇంకొక పని. మీ ఇంట్లో పాత పంపకాలు గుర్తున్న పెద్దవాళ్లు ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. ఈ ఆదివారం వాళ్లకి ఫోన్ చెయ్యండి. ఏ మడి ఎవరికి పడింది, గట్టు ఎక్కడ, దారి ఎటు, అప్పుడు ఎవరెవరు కూర్చున్నారు, అన్నీ అడిగి రికార్డ్ చెయ్యండి. మా పెదనాన్న చెప్పింది రెండు గంటల ఆడియో వచ్చింది. మధ్యలో రెండుసార్లు మందులేసుకోవడానికి లేచాడు. ఆయన తర్వాత మా మెట్టకి గట్లు చూపించగలిగినవాళ్లు మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

మీ ప్రశ్నలు పంపుతూ ఉండండి. ఊరి పేరు, సర్వే నంబరు, ఇంట్లోవాళ్ల పేర్లు మెసేజ్‌లో పెట్టకండి. విషయం చెప్తే చాలు. వచ్చే ఆదివారం మళ్లీ కలుద్దాం. ఉంటానండి.